పాత కారుకు కొత్త నడక

పాత కారు ఉన్న ఇంటిలో రెండు కోరికలు తరచుగా వినవచ్చును. "పెద్ద రోడ్డు మీద పోవునపుడు ఇంజను ఇంత రొద చేయకుండ పోవు మార్గము లేదా?" అని కుమారుడు అడుగును. "ఎడమ మోకాలు క్లచ్చును త్రొక్కనిచ్చుట లేదు; క్లచ్చు లేకుండ ఈ బండిని నేనే నడుపుకొనుటకు వీలు లేదా?" అని తండ్రి అడుగును. కొత్త కారు కొన్నచో రెండును తీరును. కాని పాత కారు మీది మమత కొత్త కారుతో తీరునది కాదు. అందుచేత పాత బండిలోనే గేరుబాక్సును మార్చి, ఓవర్‌డ్రైవు గల ఆటోమేటిక్ గేరుబాక్సును అమర్చుకొను పద్ధతి కొన్ని దేశములలో బాగుగా వ్యాపించినది. అది ఎట్టిది, దానిని అమర్చుటలో మెలకువలేవి, అది ఏ బండికి తగును, ఏ బండికి తగదు అను విషయములను ఈ ప్రసంగమున విచారింతము.

విషయము యంత్రమునకు సంబంధించినదైనను, దానిని మన కన్నుల యెదుటి దారి మీదనే పరీక్షించి చూచుట మంచిది. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు దారిని తీసికొందము. కర్నూలును కడపను కలుపు 40వ నంబరు జాతీయ రహదారిలో ఇది ఒక భాగము. పూర్వము దానికి 18వ నంబరు ఉండెను. శిరివెళ్ల మీదుగా సుమారు 40 కిలోమీటర్ల దూరము. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందూ నది, నడుమ నల్లరేగడి చేలు. దారి చాలవరకు సమతలము. ఇట్టి దారిలో కారు ఒకే వేగముతో చాలసేపు పోగలదు. ఓవర్‌డ్రైవునకు తగిన పని అదియే. నంద్యాల నుండి తూర్పునకు తిరిగి గిద్దలూరు పోవలసివచ్చినచో నల్లమల ఘాటు ఎక్కవలెను. ఆళ్లగడ్డ నుండి అహోబిలము పోవలసివచ్చినచో చివర కొండ ఎదురగును. అచ్చట ఓవర్‌డ్రైవుతో పని లేదు. ఈ యంత్రము గుణమును, దోషమును తెలిసికొనుటకు ఒక్క నంద్యాల ప్రాంతమే చాలునన్నమాట.

ఈ దారి పాత కార్లను బాగుగా ఎరిగినది. 1977లో నీలం సంజీవరెడ్డిగారు, 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావుగారు నంద్యాల నుండియే లోక్‌సభకు ఎన్నికైరి. ఆ కాలమున అధికారుల వాహనమన్నను, నాయకుల వాహనమన్నను అంబాసిడరే. 1956లో ఇంగ్లండున వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారునకు అది ఇచ్చటి రూపము. హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 1950 దశకపు చివరి సంవత్సరముల నుండి 2014 మే నెల వరకు దానిని తయారుచేసిరి. దాని పెట్రోలు ఇంజను చిరకాలము 1489 ఘన సెంటీమీటర్లది. శక్తి సుమారు 50 అశ్వశక్తి. గేర్లు నాలుగు. నాలుగవ గేరులో ఇంజను ఎంత వేగముగా తిరుగునో గేరుబాక్సు వెలుపలి షాఫ్టును అంతే వేగముగా తిరుగును. దానిని మించిన గేరు అందులో లేదు. ఫియట్‌గా పుట్టి ప్రీమియర్ పద్మినియను పేరు పొందిన బండి సంగతియు ఇదే. సన్నని తారు రోడ్ల మీద, ఎడ్లబండ్లను తప్పించుకొనుచు, గంటకు 50, 60 కిలోమీటర్ల వేగముతో పోవుటకు ఉద్దేశింపబడిన బండ్లివి. నేటి వెడల్పైన రహదారి మీద వాటిని గంటల తరబడి 80లో నడిపినచో ఇంజను ఆయాసపడుట సహజము.

ఆ ఆయాసము ఎంతో లెక్క వేసి చూతము. లెక్క సులభముగా ఉండుటకై, టైరు ఒక చుట్టు తిరిగినచో కారు 2 మీటర్లు ముందుకు పోవుననియు, వెనుక ఇరుసులోని క్రౌను, పినియనుల నిష్పత్తి 4.5 అనియు అనుకొందము. అనగా చక్రము ఒకమారు తిరుగుటకు ప్రొపెల్లరు షాఫ్టు నాలుగున్నర మార్లు తిరుగవలెను. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు 40 కిలోమీటర్లు, అనగా 40,000 మీటర్లు. చక్రము 20,000 మార్లు తిరుగును. షాఫ్టు 90,000 మార్లు తిరుగును. నాలుగవ గేరులో షాఫ్టు ఎంతయో ఇంజనును అంతే కనుక ఇంజను చుట్లును 90,000. గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఈ దూరము అరగంట ప్రయాణము. కనుక ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నదన్నమాట. ఇప్పుడు ఇంజను 7 చుట్లు తిరుగునప్పటికి షాఫ్టు 10 చుట్లు తిరుగునట్టి గేరును చేర్చినామనుకొందము. దాని నిష్పత్తి 0.70. అదే దారి, అదే వేగము. ఇంజను చుట్లు మాత్రము 63,000. నిమిషమునకు 2,100. ఒక్క అరగంటలో 27,000 చుట్లు తగ్గినవి. పిస్టనులకు అంత అరుగుదల తగ్గును, చెవులకు అంత రొద తగ్గును, పెట్రోలును కొంత ఆదాయగును. ఇంజను కంటె షాఫ్టు వేగముగా తిరుగు ఈ గేరునకే ఓవర్‌డ్రైవు అని పేరు.

అయితే యంత్రశాస్త్రములో ఉచితముగా దొరకునది ఏదియు లేదు. గేర్ల సైకిలు త్రొక్కినవారికి ఇది అనుభవమే. వెనుక చిన్న పళ్లచక్రము మీద గొలుసు ఉన్నపుడు పెడలు నెమ్మదిగా తిరిగినను సైకిలు వేగముగా పోవును. కాని ఎదురుగాలి తగిలినను, ఎత్తు వచ్చినను కాళ్లు మొరాయించును. ఓవర్‌డ్రైవు వేగమును పెంచినంత మేరకు త్రిప్పుడు బలమును తగ్గించును. కనుక దానిని భరించు మిగులు బలము ఇంజనులో ఉండవలెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెనని శ్రోతలకు మా మనవి. ఏ బండికి ఈ మార్పు తగునో నిర్ణయించునది ఇదియే.

ఇక ఆటోమేటిక్ సంగతి. రెండు విద్యుత్ పంకాలను ఎదురెదురుగా నిలిపి, ఒకదానిని త్రిప్పినచో, ఆ గాలికి రెండవది కూడ తిరుగును. గాలికి బదులు నూనె, పంకాలకు బదులు మూసిన డిప్పలో రెక్కలు ఉన్నవనుకొనుడు. ఇంజను ఒక రెక్కల చక్రమును త్రిప్పును. నూనె ఒరవడికి రెండవ చక్రము తిరుగును. రెండింటికి నడుమ ఇనుప సంబంధము లేదు కనుక బండి నిలిచియున్నను ఇంజను ఆగిపోదు. క్లచ్చుతో పని లేదు. ఈ సూత్రమును జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఫ్యోటింగరు 1905లో ఓడల కొరకు కనిపెట్టెను. నడుమ మరియొక రెక్కల వరుసను చేర్చి, బయలుదేరునపుడు బలము హెచ్చునట్లు చేసినదే టార్కు కన్వర్టరు. దాని వెనుక ఉండునవి గ్రహచక్రముల వంటి గేర్లు. నడుమ సూర్యుని వలె ఒక గేరు, దాని చుట్టును తిరుగు చిన్న గేర్లు, అన్నిటిని చుట్టుకొని ఒక పళ్ల వలయము. ఈ మూడింటిలో దేనిని పట్టి ఆపుదుమో, దేనిని త్రిప్పుదుమో దానిని బట్టి వేరువేరు నిష్పత్తులు వచ్చును. పట్టి ఆపు పని నూనె ఒత్తిడితో బిగియు క్లచ్చు పలకలది, బ్యాండ్లది.

అమెరికాలో జనరల్ మోటార్సువారు 1939లో, 1940 మోడలు ఓల్డ్స్‌మొబీలు కార్లకు హైడ్రామాటిక్ అను గేరుబాక్సును ప్రవేశపెట్టిరి. జనసామాన్యమునకు అందిన తొలి ఆటోమేటిక్‌లలో అది ముఖ్యమైనది. 1950లో షెవర్లే కార్లకు పవర్‌గ్లైడ్ వచ్చెను. దానికి గేర్లు రెండే. మన అంబాసిడరునకు మాతృకయైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్‌కు సైతము ఇంగ్లండులో మాన్యుమాటిక్ అను క్లచ్చు పెడలు లేని ఏర్పాటు కోరినవారికి దొరకెడిది. కనుక మోకాలి నొప్పి వారి కోరిక నిన్న మొన్నటిది కాదు. 1973లో చమురు సంక్షోభము వచ్చి పెట్రోలు ధర మండిన పిదప ఆటోమేటిక్‌లకు కూడ ఓవర్‌డ్రైవు అవసరమయ్యెను. ఫోర్డువారి ఏ.ఓ.డి. 1980 మోడలు కార్లలోను, జనరల్ మోటార్సువారి 700 ఆర్ 4 అనునది 1982లోను వచ్చినవి. ఈ రెండవదానిని పాత కార్లలో అమర్చుకొనువారు విస్తారముగా ఉన్నారు. దాని నిష్పత్తులు 3.06, 1.63, 1.00, 0.70. జనరల్ మోటార్సువారు 1928 నుండి 1954 వరకు బొంబాయిలో కూడ కార్లను కూర్చిరి. నాటి పెద్ద షెవర్లే బండ్లు మన దేశములో అభిమానుల ఇండ్లలో నేటికిని కలవు. ఈ మార్పునకు సహజముగా తగినవి అట్టి బండ్లే.

ఎందుకు తగునో చూడుడు. వెనుక ఇరుసు నిష్పత్తి 3.55 ఉన్న బండిలో రెండు గేర్ల పవర్‌గ్లైడ్ తొలి గేరు 1.82. రెండింటిని హెచ్చించగా 6.46. అదే బండిలో 700 ఆర్ 4 తొలి గేరు 3.06, హెచ్చించగా 10.86. అనగా నిలిచిన చోటి నుండి బయలుదేరు బలము సగమునకు మించి పెరిగినది. చివరి గేరులో హెచ్చవేత 2.49 మాత్రమే, రహదారిపై ఇంజనునకు విశ్రాంతి. కనుక ఇరుసు నిష్పత్తిని తెలిసికొనకుండ గేరుబాక్సును కొనరాదు. దానిని తెలిసికొనుట కష్టము కాదు. కారును సమతలమున నిలిపి, న్యూట్రలులో ఉంచి, వెనుక టైరు మీదను ప్రొపెల్లరు షాఫ్టు మీదను సుద్దతో గుర్తులు పెట్టి, టైరు సరిగా ఒక చుట్టు తిరుగువరకు మెల్లగా త్రోయవలెను. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగినదో ప్రక్క నుండి చూచి లెక్కించినచో అదే నిష్పత్తి. బండి కదలునపుడు దాని క్రింద ఎవరును దూరరాదు.

అమర్చు పనిలో మొదటి ప్రమాదము కన్వర్టరు వద్ద ఉన్నది. కన్వర్టరు మెడ గేరుబాక్సులోని నూనె పంపు లోనికి పోయి, ఒకదాని తరువాత ఒకటిగా మెట్టుమెట్టుకు కూర్చుండవలెను. చేతితో త్రిప్పుచు లోనికి నెట్టునపుడు ఆ మెట్లు తెలియుచుండును. చివరి మెట్టు దిగకముందే హౌసింగు బోల్టులను బిగించినచో, కన్వర్టరు పంపును నొక్కి పగులగొట్టును. ఇంజను ఒకసారియైనను తిరుగకముందే గేరుబాక్సు పాడగును. సరిగా కూర్చున్నదని తెలిసికొనుటకు ఒక గుర్తు కలదు: హౌసింగు ఇంజనునకు ఆనిన తరువాత కన్వర్టరునకును, ఇంజను వెనుకనున్న ఫ్లెక్స్‌ప్లేటునకును నడుమ 3 నుండి 5 మిల్లీమీటర్ల సందు ఉండవలెను, కన్వర్టరు చేతితో సులువుగా తిరుగవలెను. ఆ తరువాతనే దానిని ముందుకు లాగి ప్లేటునకు బోల్టులు వేయవలెను. హౌసింగు తానంతట తాను ఆనవలెనే గాని, బోల్టులతో లాగి ఆనించరాదు. బోల్టుతో లాగవలసివచ్చినదనగా లోపల ఏదియో సరిగా కూర్చుండలేదని అర్థము.

రెండవది ప్రొపెల్లరు షాఫ్టు. కొత్త గేరుబాక్సు పొడవు పాతదానితో సమానముగా ఉండదు. కనుక షాఫ్టును కురచ చేయించుటయో, పొడిగించుటయో తప్పదు; చేసిన తరువాత లేతు షాపులో బ్యాలెన్సు చూపించవలెను. గేరుబాక్సు లోనికి పోవు జారుడు జాయింటు పూర్తిగా లోపలకు తగిలి ఉండరాదు. సుమారు ఒక అంగుళము ఆట మిగిలి ఉండవలెను. గుంతలో చక్రము ఎగిరినపుడు షాఫ్టు లోనికి జరుగుటకు ఆ చోటు కావలెను. గేరుబాక్సు వెనుక కొసకును, వెనుక ఇరుసు పినియనునకును ఉన్న వాలులు ఒకదానికొకటి సమాంతరముగా ఉండవలెను. భేదము ఒక డిగ్రీకి మించరాదు. మించినచో 60, 70 కిలోమీటర్ల వేగమున కారంతయు సన్నగా వణకును. ఆ వణకునకు టైర్లను, స్ప్రింగులను నిందించి డబ్బు వృథా చేసికొనువారు పెక్కుమంది. కోణమును కొలుచు పరికరము చవుక. కొలువనందున కలుగు నష్టము చవుక కాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. 700 ఆర్ 4 వంటి గేరుబాక్సునకు కార్బురేటరు నుండి ఒక సన్నని కేబులు వచ్చును. యాక్సిలరేటరును ఎంత త్రొక్కినదియు ఆ కేబులు గేరుబాక్సునకు తెలుపును. అది గేరు మారు సమయమును మాత్రమే తెలుపునని కొందరి భ్రమ. నిజమునకు లోపలి నూనె ఒత్తిడి దాని మీదనే ఆధారపడి యున్నది. ఇంజను బలముగా లాగుచున్నపుడు క్లచ్చు పలకలు గట్టిగా బిగియవలెను. అందుకు ఒత్తిడి పెరుగవలెను. కేబులు వదులుగా ఉన్నచో ఇంజను లాగుచున్నదని గేరుబాక్సునకు తెలియదు. ఒత్తిడి చాలదు, పలకలు జారును, జారిన పలకలు కొద్ది దూరములోనే మాడిపోవును. నడుపువానికి మాత్రము గేర్లు మెత్తగా, తొందరగా పడుచున్నట్లు హాయిగానే తోచును! ఆ హాయి మోసము. కేబులు మిక్కిలి బిగువుగా ఉన్నచో గేర్లు ఆలస్యముగా, కుదుపుతో పడును. రెండు దోషములలో మొదటిదే ప్రాణాంతకము. కేబులు తగిలింపకుండ బండిని వీధి చివర వరకైనను నడుపరాదు.

సరిచేయు విధమిది. ఇంజను ఆపియుండవలెను. కార్బురేటరు వద్ద కేబులు తొడుగు చివర నొక్కుడు మీట ఒకటి ఉండును. దానిని నొక్కిపట్టి, జారుడు ముక్కను కార్బురేటరు మీట నుండి దూరముగా, తగులువరకు వెనుకకు నెట్టవలెను. మీటను వదలి, కార్బురేటరును పూర్తిగా తెరచినచో ఆ ముక్క తానే టకటకమని జరిగి తన చోట నిలుచును. ఇంతటితో పని ముగియలేదు. పాత కారు కార్బురేటరు ఈ గేరుబాక్సును ఎరుగదు. కేబులు తగిలించు చిల్లు, కార్బురేటరు ఇరుసునకు సరియైన దూరములో లేనిచో, చివరలో సరిపోయినను నడుమ సరిపోదు. అందులకై ప్రత్యేకముగా చేసిన పట్టీలు దొరకును; వాటినే వాడవలెను. ఒత్తిడిని గేజితో చూచిన తరువాతనే బండిని రోడ్డు ఎక్కించవలెను. చెవితో వినియు, కాలితో త్రొక్కియు తెలిసికొందుమనుట ఈ విషయమున చెల్లదు.

నాలుగవది వేడి. ఆటోమేటిక్ గేరుబాక్సులో నూనెయే క్లచ్చు, నూనెయే చేయి, నూనెయే చలువ. అది 80, 90 డిగ్రీల వేడిలో చాలకాలము మన్నును. 120 దాటినచో త్వరగా చెడును. నంద్యాలలో వేసవి పగలు 40 డిగ్రీలు దాటుట వింత కాదు. కూలరు వేడిని వెడలగొట్టు శక్తి నూనెకును గాలికిని గల వేడిమి భేదము మీద ఆధారపడును. నూనె 94, గాలి 24 ఉన్నచో భేదము 70. గాలి 44 ఉన్నచో భేదము 50 మాత్రమే. అదే కూలరు శీతాకాలమున ఏడు పాళ్లు పని చేసినచో మే నెలలో ఐదు పాళ్లే చేయును. కనుక చలిదేశముల పుస్తకములో వ్రాసిన చిన్న కూలరు మనకు చాలదు. రేడియేటరు లోపలి గొట్టముతో తృప్తిపడక, దాని ముందు వేరుగా ఒక కూలరును అమర్చవలెను. నూనె మట్టమును ఇంజను ఆపి చూడరాదు. బండిని సమతలమున నిలిపి, నూనె వేడెక్కిన తరువాత, బ్రేకు త్రొక్కి లివరును అన్ని స్థానములకును ఒకసారి త్రిప్పి, పార్కులో ఉంచి, ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా డిప్‌స్టిక్కు తీసి చూడవలెను. నూనె ఎఱ్ఱగా, నిర్మలముగా ఉండవలెను. గోధుమరంగు తిరిగి మాడువాసన వచ్చుచున్నదనగా పలకలు కాలినవని తెలిసికొనవలెను.

ఐదవది విద్యుత్తు. ఓవర్‌డ్రైవులో పోవునపుడు కన్వర్టరు లోపల నూనె జారుట వలన వేడి పుట్టును. దానిని తప్పించుటకు లాకప్ అను ఒక క్లచ్చు కన్వర్టరులోనే ఉండును. అది పడినచో రెండు రెక్కల చక్రములును ఒకటిగా తిరుగును. దానికి 12 వోల్టుల విద్యుత్తు కావలెను. 1954 వరకు షెవర్లే కార్లకు 6 వోల్టుల బ్యాటరీయే ఉండెను. అట్టి బండిలో ముందుగా విద్యుత్ ఏర్పాటు మారవలెను. బ్రేకు త్రొక్కగనే లాకప్ విడిపోవునట్లు బ్రేకు స్విచ్చు ద్వారా తీగను తీసికొనిపోవలెను. లేనిచో బండి ఆగినపుడు ఇంజనును ఆగును. మరియొక స్విచ్చును మరువరాదు. లివరు పార్కులోగాని న్యూట్రలులోగాని ఉన్నపుడు తప్ప స్టార్టరు తిరుగరాదు. ఇది లేనిచో, డ్రైవులో ఉన్న బండి తాళము త్రిప్పగనే ఇంటి గోడ మీదికో, వాకిట ఆడుకొను పిల్లల మీదికో దూకవచ్చును. ఖర్చు తగ్గించుకొనదలచినవారు ఎచ్చటనైనను తగ్గించుకొనవచ్చునుగాని ఇచ్చట తగ్గించుకొనరాదు. స్పీడోమీటరు గేరును కూడ కొత్త లెక్కకు సరిపడునట్లు మార్చవలెను. లేనిచో ముల్లు అబద్ధము చెప్పుచుండును.

నడుపుటలో కూడ కొత్త అలవాటు కావలెను. నంద్యాల వీధులలో ఓవర్‌డ్రైవును తప్పించి మూడవ గేరు వరకే ఉంచవలెను. లేనిచో గేరుబాక్సు మూటికిని నాలుగింటికిని నడుమ ఊగిసలాడి వేడెక్కును. ఊరు దాటి వేగము నిలకడ అయిన పిదప ఓవర్‌డ్రైవునకు వదలవచ్చును. నల్లమల ఘాటు ఎక్కునపుడు దానిని తప్పించవలెను. దిగునపుడు మరియు తప్పించవలెను. పాత బండి దిగుడులో రెండవ గేరు వేసినచో ఇంజనే బండిని పట్టి ఆపెడిది. ఓవర్‌డ్రైవులో ఇంజను పట్టు దాదాపు లేదు. భారమంతయు బ్రేకుల మీద పడును. పాత కార్ల డ్రమ్ము బ్రేకులు వేడెక్కినచో పట్టు తప్పును. కనుక ఈ మార్పు చేయదలచినవారు గేరుబాక్సు కంటె ముందు బ్రేకులను చూపించుకొనవలెను.

మరి అంబాసిడరు సంగతి యేమి? మా అభిప్రాయము దాపరికము లేకుండ చెప్పెదము. 50 అశ్వశక్తి ఇంజను వెనుక పెద్ద అమెరికను గేరుబాక్సును పెట్టుట, దూడ మెడకు ఎద్దు కాడి కట్టుట వంటిది. గేరుబాక్సు బరువును, దాని పంపును కన్వర్టరును తినివేయు శక్తియు పోగా, ఓవర్‌డ్రైవును భరించు మిగులు ఆ ఇంజనులో కొంచెమే. ఎదురుగాలి వచ్చినను, నలుగురు కూర్చున్నను గేరు దిగుచునే యుండును. అంబాసిడరు వంశములోనే దీనికి సమాధానము కలదు. 1990 దశకపు తొలి సంవత్సరములలో హిందుస్థాన్ మోటార్సువారు 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజనును, ఐదు గేర్ల బాక్సును ఆ కారునకు అమర్చిరి. ఆ ఐదవ గేరు ఓవర్‌డ్రైవే. రహదారి మీద రొద తగ్గుటయే కోరిక అయినచో అట్టి అంబాసిడరును సంపాదించుకొనుట, ఉన్నదానిని కోసి కుట్టుట కంటె మేలు. మోకాలి నొప్పియే కారణమైనచో, గేరుబాక్సు జోలికి పోక, క్లచ్చును మాత్రము తానే పట్టి విడుచు ఏర్పాటు గురించి ఆలోచింపవచ్చును.

చట్టమును కూడ చూడవలెను. తయారీదారు మొదట తెల్పిన వివరములకును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును భేదము వచ్చునట్లు వాహనమును మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. అంగవైకల్యము గలవారి ఉపయోగమునకై వాహనమును మార్చుకొనుటకు ఆ చట్టమున ప్రత్యేకమైన అవకాశము కలదు. 2021లో కేంద్ర ప్రభుత్వము 50 ఏండ్లు దాటిన వాహనములను వింటేజి వాహనములుగా రిజిస్టరు చేయు నియమములను ప్రకటించెను. చాసిస్సు, బాడీ, ఇంజనులలో గట్టి మార్పులు లేక, బండి మొదటి రూపమున ఉండవలెనని అందలి నిబంధన. కనుక అట్టి గౌరవమునకు తగిన వయస్సు గల బండిలో రంపము పెట్టకముందే రవాణా శాఖ కార్యాలయమున వ్రాతమూలకముగా విచారించుకొనుట, బీమా కంపెనీకి తెలియజేయుట విధి. మార్పు తెలుపని బండికి ప్రమాదము జరిగినచో నష్టపరిహారము చిక్కులో పడవచ్చును.

ఆళ్లగడ్డ రాతి శిల్పులకు పేరెన్నికగన్న ఊరు. రాతి నుండి ఉలి తీసినదానిని తిరిగి అతికించుట ఏ శిల్పికిని సాధ్యము కాదు. అందుచేత అతడు కొలిచిన తరువాతనే కొట్టును. పాత కారు విషయమున మేము చెప్పదలచిన చివరి మాటయు అదియే. బండిలో ఉన్న చిల్లులకు సరిపోవు పట్టీని చేయించుకొనుడు. పట్టీకి సరిపోవుటకై బండికి కొత్త చిల్లులు పొడువకుడు. నేలరేకును, గేరుబాక్సు మీది గుబ్బను కోయవలసిన మార్పునకు ఒకటికి పదిమార్లు ఆలోచింపుడు. తీసిన పాత గేరుబాక్సును, షాఫ్టును, పెడళ్లను, ఒక్క బోల్టు పోకుండ నూనె పూసి, గోనె చుట్టి భద్రపరచుడు. తండ్రి మోకాలికై చేసిన మార్పును రేపు మనుమడు తీసివేసి, తాత నడిపినట్లే బండిని నడుపవలెనని కోరవచ్చును. ఆ కోరిక తీరు వీలు మిగిల్చిన మార్పే మంచి మార్పు.